పాత చర్చిలో పుట్టిన రెండో ఆల్బమ్

మొదటి సినిమా హిట్టయిన దర్శకుణ్ణి ఒకసారి కదిలించి చూడండి. "రెండోది ఎప్పుడు?" అనగానే నవ్వుతూనే జవాబు చెబుతాడు గానీ, లోపల గుండె దడదడలాడుతూనే ఉంటుంది. మొదటిది తీసేటప్పుడు అతన్ని ఎవరూ ఎరగరు. ఆడితే ఆడింది, పోతే పోయింది. రెండోదానికి అలా కుదరదు. పంపిణీదారులు, పత్రికలవాళ్ళు, అభిమానులు... అందరూ తక్కెడ పట్టుకుని కూర్చుంటారు. మొదటిదానిలాగే తీస్తే "సరుకైపోయింది" అంటారు. వేరుగా తీస్తే "తలకెక్కింది" అంటారు. ద్వితీయ విఘ్నం అని మనవాళ్ళు ఊరికే అనలేదు!

ఈ విఘ్నం సినిమావాళ్ళ సొత్తేమీ కాదు. పాటలు తామే కట్టుకుని, తామే వాయించుకుని, తామే పాడుకునే పాశ్చాత్య బ్యాండ్లకి ఇది ఇంకా పెద్ద గండం. మన దగ్గర పాటకి సినిమా అనే ఇల్లుంది. పాట కాస్త తగ్గినా హీరో ఎత్తుకుంటాడు, సన్నివేశం కాపాడుతుంది. వాళ్ళకి ఆ దన్ను లేదు. ఆల్బమే వాళ్ళ సినిమా. పది పదకొండు పాటలు... అవే కథ, అవే మాటలు, అవే తారాగణం.

అలాంటి రెండో ఆల్బమ్ గండం ముంచుకొచ్చినప్పుడు ఏకంగా ఒక పాత చర్చిని కొనేసి, అందులో కూర్చుని జవాబు తయారుచేసిన బృందం ఒకటుంది. పేరు ఆర్కేడ్ ఫైర్. ఊరు కెనడాలోని మాంట్రియల్. ఆ ఆల్బమ్ పేరు ‘నియాన్ బైబిల్’. 2007 మార్చిలో విడుదలైంది. ఇంగ్లీషు పాటలు వినే మన కుర్రకారులో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళకి ఇది పరిచయం. తెలిసినవాళ్ళకి మాత్రం ఒక ప్రశ్న: అంత పెద్ద మోత వెనక ఉన్నది గొప్పతనమా, భయమా?

టెక్సాస్ అబ్బాయి, హైతీ వారి అమ్మాయి

బృందానికి నాయకుడు విన్ బట్లర్. 1980లో పుట్టాడు. అమెరికావాడు. టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ నగరం పక్కన ఉన్న వుడ్‌లాండ్స్‌లో పెరిగాడు. పాట అతనికి తాతగారిచ్చిన ఆస్తి. అమ్మకి తండ్రి అయిన ఆల్వినో రే ఒకనాడు పెద్ద వాద్యబృందం నడిపినవాడు. ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్‌ని జనానికి పరిచయం చేసిన తొలితరంవాళ్ళలో ఒకడు. ఇక మనవడు మాంట్రియల్ వచ్చి మెగిల్ విశ్వవిద్యాలయంలో చదివిందేమిటో తెలుసా? మతాల అధ్యయనం! ఈ ముక్క గుర్తుంచుకోండి. ముందుముందు పనికొస్తుంది.

రెండో మనిషి రెజీన్ షసాన్. ఆమె తల్లిదండ్రులు హైతీ దేశస్థులు. ఫ్రాన్స్వా దువాలియే నియంతృత్వంలో ప్రాణాలు అరచేత పట్టుకుని దేశం వదిలినవాళ్ళు. రెజీన్ కెనడాలోనే పుట్టింది. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ పాడుతుంది. పియానో, అకార్డియన్, డ్రమ్స్... ఏది అందితే అది వాయిస్తుంది. హర్డీ గర్డీ అని ఒక పాతకాలపు వాద్యం ఉంది. పక్కనున్న పిడి తిప్పితే లోపల చక్రం తిరిగి తీగలని రాస్తుంది. అదీ ఆమె చేతికి వస్తుంది. ఈ ఇద్దరూ 2003లో పెళ్ళి చేసుకున్నారు.

వీళ్ళిద్దరి చుట్టూ చేరినవాళ్ళు: విన్ తమ్ముడు విల్ బట్లర్, రిచర్డ్ రీడ్ ప్యారీ, టిమ్ కింగ్స్‌బరీ, డ్రమ్స్ వాయించే జెరెమీ గారా, వయొలిన్ వాయించే సారా న్యూఫెల్డ్. రెండో ఆల్బమ్ నాటికి మొత్తం ఏడుగురు. వేదిక మీద ఒక్కొక్కరూ ఒక వాద్యానికే అంటిపెట్టుకుని ఉండరు. ఈ పాటలో గిటార్ పట్టినవాడు తర్వాతి పాటలో డోలు కొడుతుంటాడు. తొలిరోజుల్లో తలకి హెల్మెట్లు పెట్టుకుని, ఒకరి తల మీద ఒకరు దరువు వేసుకున్న సందర్భాలూ ఉన్నాయి!

ఇలాంటి సంగీతాన్ని ‘ఇండీ రాక్’ అంటారు. పెద్ద పెద్ద కంపెనీల గొడుగు కింద కాకుండా, చిన్న స్వతంత్ర సంస్థల ద్వారా వచ్చే రాక్ సంగీతం అన్నమాట. వీళ్ళ రికార్డులు అమెరికాలో విడుదల చేసింది మెర్జ్ రికార్డ్స్. అది నార్త్ కెరొలైనాలో ఇద్దరు సంగీతకారులు 1989లో మొదలుపెట్టిన చిన్న సంస్థ.

మొదటి పేరే అపశకునం!

తొలి ఆల్బమ్ 2004 సెప్టెంబరులో వచ్చింది. పేరు ‘ఫ్యూనరల్’... అంటే అంత్యక్రియలు. మన దగ్గర ఏ నిర్మాతయినా ఆ పేరు పెట్టనిస్తాడా? కానీ వాళ్ళకి ఆ పేరు పెట్టుకోక తప్పలేదు. కొద్ది నెలల తేడాలో బృందంవాళ్ళ ఇళ్ళల్లో వరసగా చావులు సంభవించాయి. ఆల్వినో రే కూడా 2004 ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు. ఆ దుఃఖమంతా పాటల్లోకి వచ్చేసింది. చిత్రమేమిటంటే, అవి ఏడుపు పాటలు కావు. చావు ఇంట్లో చిన్నపిల్లలు కిటికీలోంచి దూకి మంచులోకి పరుగెత్తినట్టుంటాయి.

ఆ ఆల్బమ్ నోటిమాట మీదే ఆడింది. మెర్జ్ సంస్థ రికార్డుల్లో బిల్‌బోర్డ్ 200 పట్టికకెక్కిన మొదటిది అదే. టైమ్ పత్రిక 2005 ఏప్రిల్లో తన కెనడా సంచిక ముఖచిత్రంగా వీళ్ళని వేసింది. డేవిడ్ బోవీ అంతటివాడు వచ్చి వీళ్ళతో కలిసి వేదికెక్కి పాడాడు. యూ టూ బృందం 2005 పర్యటనలో ప్రతి రాత్రీ తాము వేదిక మీదికి వచ్చే ముందు వీళ్ళ పాట ‘వేక్ అప్’ వేయించుకుంది.

నిన్నటిదాకా చిన్న చిన్న హాళ్ళలో వాయించినవాళ్ళు. ఒక్క ఏడాదిలో ఎక్కడికి వెళ్ళినా వేల కళ్ళు. ఇక అందరి నోటా ఒకటే మాట... రెండోది ఎప్పుడు?

స్టూడియో కాదు, చర్చి!

డబ్బు చేతికొచ్చిన బృందాలు మామూలుగా ఏం చేస్తాయి? లాస్ ఏంజలిస్‌లోనో లండన్‌లోనో ఖరీదైన స్టూడియో మాట్లాడుకుంటాయి. వీళ్ళు అలా చేయలేదు. మాంట్రియల్‌కి కారులో గంటలోపు దూరంలో ఫార్నమ్ అనే చిన్న ఊరుంది. అక్కడ వాడుకలో లేని ఒక పాత చర్చి ఉంది. అంతకుముందు కొన్నాళ్ళు కాఫీ దుకాణంగా కూడా నడిచింది. దాన్ని కొనేశారు. 2006 మొదటి నెలలన్నీ దాన్ని స్టూడియోగా మార్చడానికే సరిపోయాయి. ఆ తర్వాత దాదాపు ఆ ఏడాదంతా అక్కడే రికార్డింగు.

ఎందుకింత శ్రమ? గడియారం కోసం! అద్దె స్టూడియోలో నిమిషానికి ఇంత అని మీటరు తిరుగుతూ ఉంటుంది. ఒక బాణీ కుదరకపోతే "పోనీలే, సర్దుకుందాం" అనిపిస్తుంది. సొంత గూట్లో ఆ బెంగ లేదు. పదిసార్లు చెరిపి పదకొండోసారి వాయించుకోవచ్చు. పైగా ఆ కట్టడమే ఒక వాద్యం. ఎత్తయిన కప్పు, చెక్క నేల. మూల కూర్చుని చిన్న డోలు కొట్టినా అది గది అంతా తిరిగి మళ్ళీ మన దగ్గరికొస్తుంది. స్టూడియోలో మీటలు తిప్పి తెచ్చే గంభీరం అక్కడ ఉత్తపుణ్యానికి దొరుకుతుంది.

అక్కడితో ఆగలేదు. వాళ్ళకి పైప్ ఆర్గన్ కావాల్సివచ్చింది. మన నాటకాల హార్మోనియానికి ఇది దూరపు బంధువు. రెండింటికీ గాలే ప్రాణం. కానీ హార్మోనియంలో గాలి చిన్న లోహపు రెక్కని ఆడిస్తే, ఇందులో పెద్ద పెద్ద గొట్టాల్లోంచి దూసుకెళుతుంది. గొట్టం పొడుగు రెట్టింపు చేస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఎనిమిది అడుగుల గొట్టం సెకనుకు సుమారు 65 కంపనాలు ఇస్తే, 16 అడుగుల గొట్టం అందులో సగమే ఇస్తుంది. ఆ కింది స్వరాలు చెవికి వినపడడం కంటే ముందు పొట్టలో తెలుస్తాయి. దీన్ని లారీలో వేసుకుని తేలేం కదా! అందుకని మాంట్రియల్‌లోనే సెయింట్ జాన్ బాప్టిస్ట్ పేరుతో ఉన్న పెద్ద చర్చికి వాళ్ళే వెళ్ళి, అక్కడి ఆర్గన్‌ని రికార్డు చేసుకొచ్చారు.

ఇక వాద్యబృందం, బృందగానం కోసం హంగెరీ రాజధాని బుడాపెస్ట్ దాకా వెళ్ళారు. అక్కడ ఒక పూర్తిస్థాయి ఆర్కెస్ట్రాతో వాయించారు. సైనిక పురుషుల గాయకబృందంతో పాడించారు. ఆర్కెస్ట్రా స్వరరచన చేసినవాళ్ళు రెజీన్, వయొలిన్ విద్వాంసుడు ఓవెన్ పాలెట్. అన్నట్టు, బుడాపెస్ట్ పేరు మన ఇళయరాజా అభిమానులకి కొత్తేమీ కాదు. 2005లో వచ్చిన ఆయన ‘తిరువాసగం’ సింఫనీకి వాయించింది బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాయే.

ఇంత హంగామా చూసి, "కొత్తగా డబ్బొచ్చినవాళ్ళ ఆర్భాటం" అనుకునేరు. అక్కడే ఉంది తిరకాసు.

పాటల్లో ఏముంది?

చర్చి, ఆర్గన్, సైనికుల గొంతులు. ఈ మూడూ కలిస్తే మనసు దానంతటదే వంగిపోతుంది. నమ్మమంటే నమ్మేస్తాం, లేవమంటే లేచి నిలబడతాం. మతప్రచారకులకీ, యుద్ధానికి జనాన్ని పోగుచేసేవాళ్ళకీ ఇది శతాబ్దాలుగా తెలిసిన విద్య. ‘నియాన్ బైబిల్’ ఆ ఆయుధాలే చేతబట్టి, వాటిని జాగ్రత్తగా చూడమని మనకి చెబుతుంది.

పేరే చూడండి. బైబిల్ అంటే పవిత్రగ్రంథం. నియాన్ అంటే బార్ల మీదా సినిమాహాళ్ళ మీదా వెలిగే రంగు దీపం. ఆ రెండిటినీ అతికించారు. అట్ట మీద బొమ్మ కూడా అదే... చీకట్లో వెలిగే పుస్తకం. దానికోసం నిజంగానే నియాన్ దీపాలతో పుస్తకం బొమ్మ చేయించారు. విశ్వాసం ప్రకటన బోర్డయిపోతే ఎలా ఉంటుందో ఆ ఒక్క బొమ్మలో ఉంది. ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి, ఈ పాటలు రాసినవాడు కాలేజీలో చదివింది మతాల అధ్యయనం. బైబిల్ని ఎగతాళి చెయ్యడం అతని ఉద్దేశం కాదు. దాన్ని అమ్మేవాళ్ళ మీదే అతని కోపం.

కాలం కూడా గుర్తు చేసుకోవాలి. 2003లో అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగింది. 2006 నాటికీ అది ఆగలేదు. టీవీలో రోజూ బాంబులు, ప్రసంగాలు, ప్రార్థనలు. ఇదంతా బట్లర్ సరిహద్దుకి అవతల, కెనడాలో ఉండి చూశాడు. సొంత ఇల్లు కాలుతుంటే పక్కింటి అరుగు మీద నుంచి చూసినట్టు!

అందుకే ఈ ఆల్బమ్ నిండా రెండే దృశ్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకటి రాత్రి సముద్రం. రెండోది వెలుగుతున్న టీవీ తెర. రెండూ నల్లటివే, రెండిటికీ లోతు తెలియదు.

మొదటి పాట ‘బ్లాక్ మిర్రర్’ ఉరుములాంటి గుడగుడతో మొదలవుతుంది. చెడ్డ కలలోంచి లేచిన మనిషి ఒకడు సముద్రం దగ్గరికి నడుస్తాడు. రెండోది ‘కీప్ ది కార్ రన్నింగ్’. మాండలిన్, హర్డీ గర్డీ కలిసి గుర్రపుడెక్కల్లా పరుగెత్తుతాయి. వింటే కాళ్ళు ఆడతాయి. కథ మాత్రం ఎవరో తనని పట్టుకుపోవడానికి వస్తున్నారని భయపడేవాడిది. మూడోది ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట. రెండు నిమిషాల పైచిల్లర. దాదాపు గుసగుస.

ఆ గుసగుస అయ్యీ అవకుండానే నాలుగో పాట ‘ఇంటర్వెన్షన్’లో పైప్ ఆర్గన్ మీద పడుతుంది. థియేటర్లో సౌండు ఒక్కసారి పెంచినట్టు! దేవుడి సేవలో మునిగిపోయి, ఇంట్లో సొంతవాళ్ళు పోతున్నా పట్టించుకోలేని మనిషి కథ అది. చర్చి వాద్యంతోనే చర్చిని నిలదీస్తాడు. ‘బ్లాక్ వేవ్’లో ముందు సగం రెజీన్ పాడుతుంది, సగం ఇంగ్లీషు, సగం ఫ్రెంచి. సముద్రం దాటి పారిపోయే ఆ పాట ఆమె గొంతులో వింటుంటే, హైతీ వదిలి వచ్చిన తల్లిదండ్రులు తలపుకి రాకమానరు. అకస్మాత్తుగా తాళం మారి, విన్ గొంతులో ముంచుకొచ్చే నల్లటి అల వినపడుతుంది.

తొమ్మిదో పాట ‘విండోసిల్’లో ఒక కుర్రాడు తండ్రి ఇంట్లో ఉండనంటాడు. టీవీ, అప్పులు, యుద్ధం... ఏదీ తనకొద్దంటాడు. పదోది ‘నో కార్స్ గో’. ఇది కొత్త పాట కాదు, 2003లో వచ్చిన వాళ్ళ చిన్న రికార్డులోది. దాన్నే ఆర్కెస్ట్రాతో మళ్ళీ కట్టారు. కార్లూ విమానాలూ చేరలేని చోటొకటుందనీ, నిద్ర పట్టే ముందు క్షణంలో మాత్రమే అది దొరుకుతుందనీ చెప్పే పాట. ఆల్బమ్ మొత్తంలో కిటికీ తెరిచినట్టుండేది ఇదొక్కటే. చివరిది ‘మై బాడీ ఈజ్ ఎ కేజ్’... ఒంటి గొంతుతో మొదలై, నడుమ ఆర్గన్ గోడలా లేచి నిలబడుతుంది. తన ఒళ్ళే తనకి పంజరమైనవాడి మొర.

కూతుర్ని వేదికెక్కించిన తండ్రి

సినిమాలు చూసే మనందరం ఆగి వినాల్సిన పాట ఎనిమిదోది. పేరు ‘యాంటీక్రైస్ట్ టెలివిజన్ బ్లూస్’. ముందు దీనికి ‘జో సింప్సన్’ అని పేరు పెట్టుకున్నారు. గాయని జెస్సికా సింప్సన్ తండ్రి పేరది. ఆయన ఒకప్పుడు మతబోధకుడు, తర్వాత కూతురి వ్యవహారాలు చూసే మేనేజరు. పాటలోని తండ్రి మాత్రం కల్పిత పాత్ర.

ఈ తండ్రికి ఊళ్ళో చిన్న ఉద్యోగం. భయస్థుడు. దైవభక్తి మెండు. కూతురికి మంచి గొంతుంది. ఆ గొంతుతో దేవుడి మాట నలుగురికీ చేరాలని ప్రార్థిస్తాడు. చేరాలంటే ఆమె టీవీలో కనపడాలి. కనపడాలంటే తను చెప్పినట్టు వినాలి. వినకపోతే కోపం. పాట సాగేకొద్దీ ప్రార్థనకీ పేరాశకీ మధ్య గీత చెరిగిపోతుంది. నిజంగానే తన భక్తి మంచిదేనా అని ఆఖరికి అతనికే అనుమానం వస్తుంది. వాద్యం ఆపకుండా పరుగెడుతూ పరుగెడుతూ, మాట మధ్యలో టక్కున ఆగిపోతుంది. సర్దిచెప్పే ముగింపు లేదు.

ఎంతమంది పిల్లలు ఇలా తెర మీదికి నెట్టబడలేదు! మనం చప్పట్లు కొట్టాం, "ఎంత ముద్దుగా చేసిందో" అన్నాం. ఇంటికెళ్ళాక ఆ పిల్ల నిద్రపోయిందో లేదో మనకెలా తెలుస్తుంది? ఈ పాటలో దోషి తండ్రి ఒక్కడే కాదు. చూడడానికి ఎగబడే మనకీ అందులో వాటా ఉంది.

ఇంకో మాట. ఈ పాట రాసినప్పుడు బట్లర్ కూడా కొత్తగా వేదికకెక్కిన మనిషే. వేలమంది తన నోటివంక చూస్తున్నారు. తను పాడుతున్నాడా, ప్రచారం చేస్తున్నాడా? ‘నియాన్ బైబిల్’ మోత వెనక ఉన్న భయం ఇదే. మొదటి ఆల్బమ్‌లో భయం చావంటే. రెండోదానిలో పేరంటేనే భయం.

అమ్మకం మీద వెటకారం

అలాగని రికార్డుని మూలన పెట్టి కూర్చోలేదు లెండి. దాన్ని అమ్మిన పద్ధతీ వింతే. ఒక ఉచిత టెలిఫోన్ నంబరు పెట్టారు. దానికి ఫోన్ చేస్తే ‘ఇంటర్వెన్షన్’ పాట వినిపించేది. టీవీలో మతబోధకులు చేసే అమ్మకాల కార్యక్రమాన్ని అనుకరిస్తూ ఒక వెటకారపు ప్రకటన తీసి ఇంటర్నెట్‌లో వదిలారు. 2007 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెద్ద స్టేడియాలు కాకుండా లండన్‌లోని సెయింట్ జాన్స్, న్యూయార్క్‌లోని జడ్సన్ మెమోరియల్ వంటి చర్చిల్లో కొద్దిమంది మధ్య వాయించారు.

ఫిబ్రవరి 24న అమెరికాలో ‘సాటర్డే నైట్ లైవ్’ టీవీ కార్యక్రమంలో ‘ఇంటర్వెన్షన్’ వాయిస్తుండగా బట్లర్ గిటార్ తీగ తెగింది. ఆ గిటార్ని అక్కడికక్కడే నేలకేసి బద్దలుకొట్టాడు. దాని మీద హైతీ భాషలో ఒక సామెత అతికించి ఉంది: ఖాళీ సంచి నిలబడదు అని. కడుపు కాలేవాడికి నీతులు చెబితే ఏం లాభం అన్న అర్థంలో వాడే మాట. ఆ సామెత ఉత్త అలంకారం కాదు. ఆ పర్యటనలో టిక్కెట్టుకి ఒక డాలరు చొప్పున తీసి, హైతీలో పేదలకి వైద్యం అందించే పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థకి ఇచ్చారు.

టాక్ ఎలా వచ్చింది?

మొదటి వారంలో అమెరికాలో 92,000 రికార్డులు అమ్ముడయ్యాయి. బిల్‌బోర్డ్ 200లో రెండో స్థానం. కెనడాలో ఏకంగా మొదటి స్థానం. చిన్న సంస్థ నుంచి వచ్చిన రికార్డుకి ఇది మామూలు వసూలు కాదు! 2008లో కెనడా వారి జూనో పురస్కారాల్లో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా నిలిచింది. 2007 అక్టోబరులో ఒట్టావాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీలో విన్, రెజీన్ వేదికెక్కి ఆయనతో కలిసి ‘కీప్ ది కార్ రన్నింగ్’ పాడారు. ఆ పాటలో స్ప్రింగ్‌స్టీన్ ఛాయలున్నాయని విమర్శకులు అప్పటికే అంటున్నారు. గురువుగారే వచ్చి చెయ్యి కలిపినట్టయింది.

అయితే మెచ్చనివాళ్ళూ ఉన్నారు. "మొదటిదానిలో ఉన్న చనువు లేదు, బరువెక్కువైంది" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ‘ఫ్యూనరల్’ మన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతుంది. ‘నియాన్ బైబిల్’ మెట్లెక్కి పైనుంచి మాట్లాడుతుంది. ‘విండోసిల్’ లాంటి చోట్ల పాట ఉపన్యాసమైపోతుంది. ప్రచారకుణ్ణి ఎత్తిపొడవబోయి, ఒక్కోసారి తామే ఆ అంగీ తొడుక్కున్నారు. కానీ అంత పెద్ద శబ్దం లేకపోతే ఆ భయం కొలత మనకి తెలిసేదీ కాదు. చివరి పాటలో ఆర్గన్ వచ్చి పడినప్పుడు, లోపల చిక్కుకున్న మనిషి గొంతు ఎంత చిన్నదో అప్పుడు వినపడుతుంది.

సినిమా చూపు

మన సినిమా ప్రియులకి ఇష్టమైన సంగతులు కొన్ని చెప్పాలి. 2007లో పారిస్‌లోని ఒలింపియా హాల్లో కచేరీకి ముందు, విన్సెంట్ మూన్ అనే ఫ్రెంచి దర్శకుడు బృందాన్నంతా ఒక సామాన్ల లిఫ్టులోకి ఎక్కించి ‘నియాన్ బైబిల్’ పాట వాయింపజేశాడు. డోళ్ళకి చోటెక్కడిది? పత్రిక కాగితాలు చింపి ఆ చప్పుడునే దరువు చేసుకున్నారు! చర్చిలు, ఆర్కెస్ట్రాలు అన్నీ పక్కన పెట్టినా ఆ పాట నిలబడుతుందని అక్కడ తేలిపోయింది. 2008లో విన్సెంట్ మోరిసెట్ ఈ ఆల్బమ్ రికార్డింగు, పర్యటనల మీద ‘మిరువార్ న్వార్’ అనే డాక్యుమెంటరీ తీశాడు.

‘మై బాడీ ఈజ్ ఎ కేజ్’ని సెర్జియో లియోనీ 1968 కౌబాయ్ చిత్రం ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ దృశ్యాలకి జతచేసి ఒక అభిమాని తయారుచేసిన వీడియో ఇంటర్నెట్‌లో మారుమోగిపోయింది. అదే పాటని పీటర్ గేబ్రియల్ 2010లో ఆర్కెస్ట్రాతో మళ్ళీ పాడితే, దాన్ని ‘జాన్ కార్టర్’ సినిమా ట్రైలర్‌లో వాడుకున్నారు. ఇక 2013లో స్పైక్ జోంజ్ తీసిన ‘హర్’ చిత్రానికి ఆర్కేడ్ ఫైర్ సంగీతమిచ్చింది. ఆ సంగీతానికి విల్ బట్లర్, ఓవెన్ పాలెట్ పేర్లు ఆస్కార్ నామినేషన్లలో నిలిచాయి.

తర్వాతి కథ

మూడో ఆల్బమ్ ‘ది సబర్బ్స్’ 2010లో వచ్చింది. 2011 ఫిబ్రవరిలో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుని పెద్ద పెద్ద తారల్ని విస్తుపోయేలా చేసింది. రెండో మెట్టు మీద జారిపడి ఉంటే ఆ మూడో మెట్టు ఎక్కడిది! ఫార్నమ్ చర్చి మాత్రం వాళ్ళకి ఎక్కువకాలం మిగల్లేదు. పైకప్పు కొంతభాగం కూలిపోవడంతో 2013లో దాన్ని అమ్మకానికి పెట్టేశారు. విల్ బట్లర్ బృందం వదిలి వెళ్ళినట్టు 2022లో ప్రకటించాడు.

అదే ఏడాది ఆగస్టులో విన్ బట్లర్ మీద కొందరు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేశారు. అంగీకారం లేకుండా ఏదీ జరగలేదని ఆయన బదులిచ్చాడు. ఆ పర్యటనలో తోడుగా పాడడానికి వచ్చిన గాయని ఫైస్ట్ మధ్యలోనే తప్పుకుంది. వేదిక మీద వెలిగేవాణ్ణి గుడ్డిగా నమ్మకండని చెప్పిన ఆల్బమ్ ఇది. ఆ హెచ్చరిక దాన్ని పాడినవాడికీ వర్తిస్తుంది. పాట ఇచ్చిన అనుమానాన్ని పాటగాడి దగ్గర వదిలేయనక్కర్లేదు.

అభిమానం ఉండకూడదని కాదు సుమా! ఈలలు లేకపోతే సినిమాహాలుకి అందమేముంది? చప్పట్లు కొడుతూనే కళ్ళు తెరిచి ఉంచమంటుంది ఈ ఆల్బమ్.

మొత్తం 11 పాటలు, సుమారు 47 నిమిషాలు. మధ్యలో పాటలు దాటవేయకండి. మూడో పాట గుసగుస వినకపోతే నాలుగో పాట ఆర్గన్ దెబ్బ తగలదు. పదో పాట కిటికీ తెరుచుకోకపోతే పదకొండో పాట పంజరం తెలియదు. రాత్రిపూట దీపం ఆర్పి, ఫోను బోర్లించి, ఇంటర్వెల్ లేని సినిమాలా ఒక్క ఊపులో వినండి.